వేట నిషేధం ఒక్కటే చాలదు: చేప పిల్లను వదిలితేనే రేపటి వేట

తీర గ్రామాల్లో కొద్దిపాటి సాగుతో పాటు సముద్రంలో వేట కూడా చేసుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలివి.

నిషేధం ఎందుకు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. 2015కు ముందు ఇది 47 రోజులే. చాలా రకాల చేపలు, రొయ్యలు ఈ కాలంలో గుడ్లు పెడతాయి. మరబోట్లు, ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. ఇంజను లేని తెప్పలకు, నాటు పడవలకు మినహాయింపు ఉంది.

లాభం ఎక్కడ పోతోంది?

జూన్ 15 తర్వాత చిన్న కన్ను వలలతో వెళితే, రెండు నెలలు కాపాడిన పిల్లలే వలలో పడతాయి. వాటిని తినేవారు కొనరు. చేపల పొడి, మేత తయారీకి తక్కువ ధరకు పోతాయి. అవే కొన్ని నెలలు పెరిగితే బరువూ పెరుగుతుంది, ధరా పలుకుతుంది, ఒకసారైనా గుడ్లు పెడతాయి.

కేరళ ఈ విషయంలో ముందడుగు వేసింది. అక్కడ కవ్వలు 10 సెం.మీ., కానాగంతలు 14 సెం.మీ. కన్నా చిన్నవైతే పట్టడం నేరం. ఇలా 58 రకాలకు కనీస కొలతలు పెట్టారు.

మీరు చేయవలసినవి

• ట్రాల్ వల చివరి సంచికి 40 మి.మీ. చదరపు కన్ను వాడండి. మామూలు కన్ను లాగుడుకు మూసుకుపోతుంది. చదరపు కన్ను తెరుచుకునే ఉంటుంది కాబట్టి పిల్లలు బయటపడతాయి. సలహా కోసం విశాఖపట్నంలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రాన్ని అడగండి.

• మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ మత్స్యకారులకే కేటాయించారు. మరబోట్లు ఆ హద్దు దాటి లోపలికి వస్తే గొడవ పడకండి. సంఘం తరఫున తేదీ, సమయం, బోటు నంబరుతో మత్స్యశాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల వివాదం పడవలు తగలబెట్టుకునేదాకా వెళ్లింది. నష్టపోయింది మత్స్యకారులే.

• నిషేధ కాలపు భృతిని ప్రభుత్వం 2025లో కుటుంబానికి 20 వేల రూపాయలకు పెంచింది. పడవ రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, కలాసీల ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఏప్రిల్‌కు ముందే సరిచూసుకోండి. సిబ్బంది లెక్కింపుకు వచ్చేటప్పటికి పడవ ఒడ్డున ఉండాలి.

విధానంలో ఏం మారాలి?

61 రోజులు పొయ్యి వెలగడం కష్టమైతే ఎంత మంచి నియమమైనా నిలవదు. అందుకే భృతి నిషేధం మొదలయ్యేటప్పటికే చేతికందాలి. చేపల కనీస కొలతలు, 8 కిలోమీటర్ల హద్దు కాగితం మీద కాక సముద్రంలో అమలు కావాలి. హద్దు మీరిన పెద్ద బోటుకూ, చిన్న పడవకూ ఒకే న్యాయం జరగాలి. గ్రామసభలో, సహకార సంఘంలో ఈ మూడింటిపై తీర్మానం చేసి మత్స్యశాఖ జిల్లా కార్యాలయానికి పంపండి. ఒక్కరు అడిగితే అర్జీ, ఊరంతా అడిగితే తీర్మానం.