ముక్కముక్కగా యుద్ధవాహనం: చేతికి మంచి పని, ఊపిరికి జాగ్రత్త

విశాఖపట్నం వెళ్లిన మన కుటుంబాల్లో చాలామంది ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది అది. దాని పొడవు సుమారు 91 మీటర్లు. దాన్ని 350వ వంతుకు తగ్గిస్తే 26 సెంటీమీటర్లు వస్తుంది. అంటే పిల్లల స్కూలు స్కేలు కంటే కొంచెం చిన్నది. ఇలా అసలు వాహనాన్ని లెక్క ప్రకారం తగ్గించి, ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్మేవే స్కేల్ మోడల్ కిట్లు. ముక్కలు అతికించి, రంగులు వేసి, వాహనాన్ని మనమే తయారు చేసుకోవాలి.

సైన్యం మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండవ ప్రపంచ యుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్లారు. అందుకే ఆ ఊరికి మిలిటరీ మాధవరం అని పేరు. తాతయ్యో, మేనమామో సైన్యంలో పనిచేసిన ఇంట్లో పిల్లలు ఇలాంటి కిట్ కావాలని అడగడం సహజమే. కొనిపెట్టే ముందు పెద్దలు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

పెట్టెలో ఏముంటుంది?

సారథ్ అనే వాహనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. సైనికులను యుద్ధభూమికి చేరవేసే ఈ బి.ఎం.పి.-2 వాహనం మన దేశంలో తయారయ్యేది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో. అక్కడి కర్మాగారాన్ని 1984లో స్థాపించారు. ఇది నేల మీద నడుస్తుంది, నీటిలో ఈదుతుంది కూడా. ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు పడతారు. అసలు పొడవు సుమారు 6.7 మీటర్లు. 35వ వంతు మోడల్‌లో అది 19 సెంటీమీటర్లు.

ఈ 19 సెంటీమీటర్లలో వందల ముక్కలు ఉంటాయి. ఒక్కో పక్క ఆరు పెద్ద చక్రాలు, వాటి చుట్టూ గొలుసు పట్టా. కొన్ని కిట్లలో ఆ పట్టాలో ప్రతి లింకు విడి ముక్కే. అలాంటి పెద్ద కిట్లలో మొత్తం ముక్కలు వెయ్యి దాటడం కూడా ఉంది. కొన్ని ముక్కలు బియ్యపు గింజంత. గోరు కంటే పలుచని ఇత్తడి రేకు ముక్కలు కూడా వస్తాయి.

పని ఎలా సాగుతుంది?

ఆపరేషన్ థియేటర్‌లో పని మొదలుపెట్టే ముందు పరికరాలు, దూది, గుడ్డలు లెక్కపెడతాం. ముగించే ముందు మళ్లీ లెక్కపెడతాం. ఈ పనికీ అదే పద్ధతి పెట్టుకోండి. ముందు సూచనల కాగితం మొత్తం చదవాలి. ముక్కలన్నీ వచ్చాయో లేదో చూసుకోవాలి. సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే అచ్చు జిడ్డు వల్ల రంగు సరిగ్గా పట్టదు. చట్రం నుంచి ఒక్కొక్క ముక్కనే కత్తిరించి, అంచును ఉప్పు కాగితంతో నునుపు చేయాలి. జిగురు పెట్టకుండా ఒకసారి కూర్చి చూసుకుని, సరిపోయాకే అతికించాలి.

రోజుకు గంట చొప్పున చేసుకుంటే కొన్ని వారాలు పడుతుంది. పడనివ్వండి. వేలు తెగేది, జిగురు ఒలికేది ఎక్కువగా తొందరలోనే.

జిగురు సంగతి

ఈ ప్లాస్టిక్‌కు వాడే జిగురు మామూలు జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. అలా కరిగించే ద్రవం ఆవిరై గదిలో నిండితే తలనొప్పి, తలతిరుగుడు, వికారం వస్తాయి. మన ఊళ్లలో సాయంత్రం కాగానే దోమల భయంతో తలుపులు, కిటికీలు మూసేస్తాం. జిగురు పని, రంగు పని ఆ వేళలో వద్దు. పగటిపూట కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టుకుని చేయండి. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపలేదు. ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు దూరంగా ఉండటం మంచిది. పొయ్యి, కొవ్వొత్తి, దోమల చుట్ట దగ్గర సీసా మూత తీయకండి. ఆవిరి అంటుకుంటుంది.

ఇంకో మాట తల్లిదండ్రులకు. కొందరు పిల్లలు మత్తు కోసం జిగురు వాసన పీలుస్తారు. దాని వల్ల గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు, మొదటిసారి పీల్చినప్పుడు కూడా. జిగురు పనికి మించి ఖర్చవుతున్నా, బట్టలకు వాసన వస్తున్నా, నోటి చుట్టూ పొక్కులు, మాటలో తడబాటు కనిపించినా కొట్టకండి. దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి, డాక్టరు దగ్గరకు తీసుకురండి.

ఇత్తడి ముక్కలకు వాడే తక్షణ జిగురు తేమతో గట్టిపడుతుంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది ఇంకా త్వరగా పట్టేస్తుంది. వేళ్లు అతుక్కుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించి విడదీయండి. నూలు బట్ట మీద ఎక్కువగా ఒలికితే వేడెక్కి చర్మం కాలవచ్చు. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా తెరవకండి, ఏ మందూ వేయకండి. నీళ్లతో కడిగి, తడి గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి రండి.

బ్లేడు, దుమ్ము, చిన్న ముక్కలు

• బ్లేడును శరీరానికి అవతలి వైపుకే నడపండి. మొండి బ్లేడుకు బలం ఎక్కువ కావాలి, జారేదీ అదే. చేజారి కింద పడుతున్న కత్తిని పట్టుకోబోకండి.

• వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. పసుపు, కాఫీ పొడి పెట్టకండి. రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, మొద్దుబారినా ఆసుపత్రికి రండి. టి.టి. ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి.

• షుగరు వల్ల వేళ్లలో స్పర్శ తగ్గినవారు బ్లేడు పని ఇంకొకరికి అప్పగించాలి. చిన్న గాటు తెలియకుండానే చీము పట్టవచ్చు.

• ఉప్పు కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు.

• మూడేళ్లలోపు పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. పని అయ్యాక ముక్కలు లెక్కపెట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. దీపాల కోసం వాడే బొత్తాం బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించకండి. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా తీసుకురండి.

• 20 నిమిషాలకోసారి తల ఎత్తి దూరంగా చూడండి, మెడ, భుజాలు కదపండి. చత్వారం వచ్చినవారు అద్దాలు పెట్టుకోండి. ఎడమ పక్క నుంచి మంచి వెలుతురు ఉంటే కుడిచేతి నీడ పడదు.

• మొదటిసారి రంగులు వేసేవారికి నీటితో కడుక్కునే ఆక్రిలిక్ రంగులు మేలు. వానాకాలంలో రంగు ఆరడానికి సమయం పడుతుంది, ఆగండి.

ఎవరికి ఉపయోగం?

ఫోను వదలని పిల్లవాడికి రోజూ గంటసేపు కళ్లు, చేతులు, బుద్ధి కలిసి పనిచేసే అలవాటు ఇది. కాగితం చదివి వరుస తప్పకుండా చేయడం నేర్పుతుంది. పెట్టె మీద రాసిన వయసు చూసే కొనండి, పెద్దవారు పక్కన ఉండండి. మణికట్టు విరిగి కట్టు తీసినవారికీ, పక్షవాతం తర్వాత చేయి కోలుకుంటున్నవారికీ ఫిజియోథెరపిస్టును అడిగి, జిగురు, బ్లేడు అవసరం లేకుండా నొక్కితే అతుక్కునే పెద్ద ముక్కల కిట్‌తో మొదలుపెట్టవచ్చు. చికిత్సకు బదులు కాదు, దానికి తోడు.

యుద్ధవాహనం కదా, పిల్లలకు ఎందుకని కొందరు అడుగుతారు. దాని వెనుక తలుపులు అతికించేటప్పుడు ఆ ఇరుకు గదిలో సైనికులు కూర్చుంటారని చెప్పండి. ఇంట్లో సైన్యంలో చేసినవారు ఉంటే పక్కన కూర్చోబెట్టి, అక్కడ ఎండ ఎలా ఉండేది, ఏం తినేవారు, ఇంటికి ఉత్తరం ఎన్నాళ్లకు చేరేదో పిల్లవాడి చేత అడిగించండి. ముక్కలు అతుక్కునే లోపు ఆ కబుర్లు కూడా పిల్లవాడికి దక్కుతాయి.