చిమ్నీల నీడలో గ్యాంగ్ వార్

'సత్య' సినిమాలో భీకూ మాత్రే సముద్రం ముందు బండ మీద నిలబడి అరిచే సీన్ ఉంది కదా. అది వచ్చింది 1998లో. మనలో చాలామంది దాన్ని సినిమాగా కన్నా రీల్‌గానే ఎక్కువ చూశాం. నేనైతే ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. అసలు ముంబైలో ఈ గ్యాంగులు దేనికోసం కొట్టుకున్నాయి అని ఒకరోజు వెతకడం మొదలెట్టా. తుపాకుల కన్నా ముందు నాకు కనిపించినవి బట్టల మిల్లులు!

సమ్మె ఆగలేదు, మిల్లులు ఆగాయి

పరేల్, లాల్‌బాగ్, బైకుల్లా... ఈ ఏరియాని గిరణ్‌గావ్ అంటారు, అంటే మిల్లుల ఊరు. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు ఎందరో ఇక్కడి మగ్గాల మీద పనిచేశారు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో దాదాపు 2.5 లక్షల మంది పని ఆపేశారు. ఏడాది దాటినా ఏమీ తేలలేదు. ఆ సమ్మెను విరమిస్తున్నామని ఇప్పటికీ ఎవరూ అధికారికంగా ప్రకటించలేదు. చాలా మిల్లులు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

ఇంట్లో జీతం ఆగిపోయింది. చాల్‌లోని ఒక్క గదిలో ఆరేడుగురు. పని లేని కుర్రాళ్లు వీధి చివర నిలబడ్డారు. గ్యాంగులకు కావాల్సింది అలాంటివాళ్లే. అరుణ్ గావ్లీ కూడా ఈ వాడల నుంచి వచ్చినవాడే. అతని అడ్డా దగ్డీ చాల్.

మిత్రులే శత్రువులు

దావూద్ ఇబ్రహీం ఓ హెడ్ కానిస్టేబుల్ కొడుకు. 1981లో అతని అన్న సాబిర్‌ను పఠాన్ ముఠా పెట్రోల్ బంకు దగ్గర చంపింది. ఆ పగలో గావ్లీ గ్యాంగు దావూద్ వైపే ఉంది. 1988లో గావ్లీ సహచరుడు రామా నాయక్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆచూకీ ఇచ్చింది దావూద్ మనుషులేనని గావ్లీ అనుమానించాడంటారు. అక్కడితో చెడింది.

1992 జులైలో దావూద్ బావ ఇబ్రహీం పార్కర్‌ను గావ్లీ మనుషులు చంపారు. సెప్టెంబర్ 12న దావూద్ మనుషులు జేజే ఆసుపత్రిలోకే చొరబడ్డారు. అక్కడ చికిత్స పొందుతున్న నిందితుణ్ని కాల్చేశారు. కాపలా ఉన్న ఇద్దరు పోలీసులూ చనిపోయారు. వాళ్లకు ఈ పగతో ఏం సంబంధం?

ఈ యుద్ధానికి సొంత భాష కూడా ఉండేది. పేటీ అంటే లక్ష, ఖోఖా అంటే కోటి, ఘోడా అంటే పిస్తోలు, సుపారీ అంటే మనిషి ప్రాణానికి కట్టిన రేటు. ఫోన్‌లో ఎవరైనా వింటే ఏదో వ్యాపారం అనుకోవాలి.

అసలు సరుకు నేల

ఒక రకంగా వ్యాపారమే. మిల్లు ఆగినా దాని కింద నేల ఉంది, అదీ ముంబై నడిబొడ్డున. దాన్ని అమ్మాలంటే కార్మికులు ఒప్పుకోవాలి. ఒప్పించడానికి 'భాయ్' కావాలి. 1994 మే 7న ఖటావ్ మిల్లు యజమాని సునీత్ ఖటావ్‌ను కారులోనే కాల్చి చంపారు. గావ్లీకీ, అతని ప్రత్యర్థి అమర్ నాయక్ ముఠాకీ మధ్య పోరులోనే ఆయన బలయ్యాడని చెబుతారు. 1997 జనవరిలో దత్తా సామంత్‌నూ పొవాయ్‌లో కాల్చేశారు. సమ్మెకు పిలుపిచ్చిన మనిషి, మిల్లు యజమాని ఇద్దరూ తుపాకీకే పోయారు. నన్ను ఎక్కువగా ఆపేసింది ఈ సంగతే.

ఆ తర్వాత?

అమర్ నాయక్ 1996లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. 1999లో మహారాష్ట్ర 'మోకా' చట్టం తెచ్చింది. గావ్లీ 2004లో ఎమ్మెల్యే అయ్యాడు. ఒక కార్పొరేటర్ హత్య కేసులో 2012లో కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద మాల్. దాని పాత చిమ్నీ ఇంకా నిలబడే ఉంది, దాని కింద జనం సెల్ఫీలు దిగుతుంటారు.

డాన్‌ల పేర్లు మనందరికీ తెలుసు. వాళ్లు పంపితే వెళ్లి, ఎన్‌కౌంటర్లలో రాలిపోయిన మిల్లు కార్మికుల పిల్లల పేర్లు ఎన్ని తెలుసు? నాకు ఒక్కటీ తెలీదు. వాళ్ల మీద రీల్ కూడా ఎక్కడా కనపడలేదు.