పోర్టల్ తెరవగానే మన ఫోన్ ఏం చెప్తుంది?

2020 అక్టోబర్ 29న శామీర్‌పేట పక్కనున్న మూడుచింతలపల్లిలో ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజు, దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారినా అసైన్డ్ భూమి ఉన్న దళిత కుటుంబానికి పని ఒకటే: తమ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఒకప్పుడు పహాణీ కోసం పట్వారీ గడప ముందు నిలబడ్డాం. ఇప్పుడు సర్వర్ ముందు నిలబడుతున్నాం. దానితో మన ఫోన్ ఏం మాట్లాడుతుందో తెలియాలి కదా.

పేజీ అడిగినప్పుడల్లా బ్రౌజర్ సర్వర్‌కు ఒక దరఖాస్తు పంపుతుంది. దాన్నే హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అంటారు. మొదటి వరుసలో ఏ పేజీ కావాలో ఉంటుంది. దాని కింద వరసగా ఉండేవే హెడర్లు. మనం టైపు చేయకుండానే వెళ్తాయి. 'హోస్ట్' ఏ సైటు కావాలో చెప్తుంది. 'యూజర్-ఏజెంట్' ఏ బ్రౌజరో, ఏ ఆపరేటింగ్ సిస్టమో చెప్తుంది. 'రెఫరర్' ఏ సైటులోని లింకు నొక్కి వచ్చామో చెప్తుంది. (దీని ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక 'ఆర్' తక్కువ. 1996 నాటి ప్రమాణ పత్రంలోకి ఎక్కిన తప్పు ఇప్పటికీ అలాగే చెల్లుతోంది. పాస్‌బుక్కులో మన పేరు తప్పు పడితే మాత్రం మనల్నే తిప్పుతారు.)

'యాక్సెప్ట్-లాంగ్వేజ్' దగ్గర కాస్త ఆగాలి. ఫోన్ భాష తెలుగులో పెట్టుకుంటే ఈ హెడర్‌లో తెలుగు కోడ్ 'టీఈ' ముందు వెళ్తుంది. ఇంగ్లిష్ పక్కన 0.8 లాంటి, 1 కంటే తక్కువ అంకె ఉంటుంది. అంటే 'ముందు తెలుగు, లేకుంటే ఇంగ్లిష్' అని ప్రతి క్లిక్కులో అడుగుతూనే ఉన్నాం. ఇవ్వడం, ఇవ్వకపోవడం అప్లికేషన్ రాసినవాళ్ల చేతిలో ఉంది. ఏ ప్రభుత్వ సైటయినా ఇంగ్లిష్ నోటీసే చూపిస్తే, తెలుగు ఎవరూ అడగలేదనే సాకు చెల్లదు.

'కుకీ' ఇంకా సున్నితమైంది. హెచ్‌టీటీపీకి జ్ఞాపకం ఉండదు. ఓటీపీ కొట్టి లోపలికి వచ్చింది మనమేనని ప్రతి పేజీకీ మళ్లీ చెప్పేది ఈ హెడరే. మేడ్చల్‌లో ఏ నెట్ సెంటర్‌లోనో లాగౌట్ చేయకుండా లేచొస్తే, తర్వాత కూర్చున్నవాళ్లు మన పేరుతోనే లోపల ఉండొచ్చు. అడ్రస్‌లో హెచ్‌టీటీపీఎస్ ఉంటే దారిలో హెడర్లను ఎవరూ చదవలేరు. ఏ సైటుకు వెళ్తున్నామో మాత్రం నెట్ కంపెనీకి సాధారణంగా తెలుస్తుంది. సర్వర్‌కయితే అన్నీ కనబడతాయి.

ఈ చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివే మన పిల్లలకు ఒక మాట. హెడర్లు అవతలి యంత్రం నుంచి వస్తాయి, అందులో ఏదైనా రాయొచ్చు. 'కర్ల్' అనే చిన్న సాధనంతో ఒక్క కమాండులో 'యూజర్-ఏజెంట్' మారిపోతుంది. 'ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్'లో ఏ ఐపీ అడ్రసయినా పెట్టొచ్చు; మన సొంత ప్రాక్సీ చేర్చిన భాగాన్నే నమ్మాలి. అధికారా కాదా అన్నది బయటి నుంచి వచ్చిన హెడర్‌లో చదివి తలుపు తీసే సైటు, తహసీల్దార్ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లే తహసీల్దార్ అన్నట్టే.

చూడాలంటే కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లోకి వెళ్లి, పేజీ రీలోడ్ చేసి, మొదటి వరుస మీద నొక్కితే రిక్వెస్ట్ హెడర్స్ కనబడతాయి. ఫిర్యాదుకు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేముందు కుకీ వరుసను చెరిపేయండి. అది తాళంచెవి.