మీకు తెలుసా? కనిగిరి ఎండ మందుకూ తగులుతుంది

మాత్రల పెట్టె మీద చిన్న అక్షరాల్లో '30 డిగ్రీల లోపు ఉంచండి' అని ఉంటుంది. మే నెలలో కనిగిరిలో బయటే 40 దాటుతుంది. ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఇంకా ఎక్కువ. మందుల చీటీ భద్రంగా దాచుకుంటాం, మందును మాత్రం అక్కడ మరిచిపోతాం.

అందరికంటే దిగులు ఇన్సులిన్ వాడేవారికి. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అలాగని డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు; ఒక్కసారి గడ్డకట్టినా పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టి కుండే ఆసరా. సీసాను నీళ్లు చొరని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడిగుడ్డ చుట్టిన కుండలో నీడన ఉంచాలి. గాలి పొడిగా ఉంటే కుండ బాగా చల్లబడుతుంది. అందుకే ఉక్కపోసే కోస్తా ఊళ్లకంటే కనిగిరి వంటి మెట్టప్రాంతంలో ఈ ఉపాయం మెరుగు. ఫ్రిజ్‌కు సాటి కాదు గానీ, వడగాలి నుంచి కాపాడుతుంది.

మిరప, పత్తి చేలల్లో పాముకాటుకు వాడే విరుగుడు మందు మన దేశంలో ఎక్కువగా పొడి రూపంలో వస్తుంది. ద్రవరూపంలోని దానికి ఫ్రిజ్ తప్పనిసరి. పొడి మందు అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది.

పోలియో చుక్కల సీసా మీద వలయంలో లేత రంగు చతురస్రం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది. వలయం రంగుకు చేరితే ఆ సీసా వాడరు.

ఈ వేసవిలో మీ ఇంటి మందుల డబ్బాను కిటికీ పక్క నుంచి, పొయ్యి దగ్గర నుంచి ఇవాళే తీయండి.