ఆ లెక్క ఎవరు రాస్తారు?

2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ ఒక తెల్ల కారుని పేల్చేసింది. ఐసిస్ ముప్పు తప్పించామన్నారు. న్యూయార్క్ టైమ్స్ వాళ్లు సీసీటీవీ ఫుటేజ్ చూస్తే, అందులో ఎక్కించినవి నీళ్ల డబ్బాలు! నడిపింది ఒక సేవాసంస్థ ఉద్యోగి. 10 మంది చనిపోయారు, 7 మంది పిల్లలే. సెప్టెంబర్ 17న పెంటగాన్ తప్పు ఒప్పుకుంది. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

కెమెరాలు, పెద్ద పత్రికలు లేని చోట ఎలా మరి? లండన్‌లోని ఎయిర్‌వార్స్ సంస్థ 2014 నుంచి ఇదే పని చేస్తోంది. స్థానికుల పోస్టులు, ఫొటోలు, వార్తలు సేకరిస్తారు. శాటిలైట్ చిత్రాలతో పోల్చి దాడి జరిగిన చోటు పట్టుకుంటారు. ప్రతి ఘటనకీ ఆధారం ఎంత గట్టిదో గ్రేడు ఇస్తారు. సైన్యం చెప్పిన లెక్కనీ దాని పక్కనే చూపిస్తారు.

సీఎస్ఈ చదివే నాకు ఇది డేటాబేస్‌లాగే కనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒక వరుస తక్కువైతే, ఒక మనిషి చావుకి జవాబు అడిగేవాళ్లే ఉండరు.