ఈ సైటు మాకు వద్దు!

పోయిన వర్షాకాలములో ఒక రాత్రి. మా అమ్మాయి సెలవులకని మా యింటికి వచ్చియున్నది. ఎనిమిది నెలల మనుమడికి దగ్గు పట్టుకున్నది. డాక్టరుగారి దగ్గరకు తెల్లవారిన తరువాత గాని వెళ్ళలేము. అమ్మాయి ఫోను తీసి, "చంటిపిల్లల దగ్గుకు ఇంటి వైద్యం" అని వెదికింది. మొట్టమొదట వచ్చిన వెబ్‌సైటును తెరచి పైకి చదివింది. తులసి రసములో తేనె కలిపి పూటకొక చెంచా పట్టించాలని అందులో ఉన్నది. బిడ్డ వయస్సు సంగతి ఎక్కడా లేదు.

నా భార్య అప్పుడే లేచి అలమరలోని తేనె సీసా చేతికి తీసుకున్నది. అమ్మాయి గబుక్కున ఆపింది. "వద్దమ్మా! ఏడాది నిండేవరకు తేనె నాకించొద్దని టీకా వేసినప్పుడు నర్సమ్మ గట్టిగా చెప్పింది."

ఆ నర్సమ్మ చెప్పినది నిజము. తేనెలో ఒక్కొక్కసారి బొటులిజము అనే ప్రమాదకరమైన జబ్బును కలిగించే సూక్ష్మక్రిమి బీజములు ఉంటాయి. పెద్దవారి పేగులు వాటిని పెరగనివ్వవు. ఏడాది లోపు బిడ్డ పేగులకు ఆ శక్తి ఇంకా వచ్చియుండదు. అందుచేతనే వైద్యులు అంత ఖండితముగా వద్దంటారు. ఆ రాత్రి మా మనుమణ్ణి కాపాడినది ఫోను కాదు, నర్సమ్మ మాట.

పది దినములు గడచినవి. ఈసారి బిడ్డకు విరేచనములు. అమ్మాయి మరల వెదికింది. మరల అదే వెబ్‌సైటు అందరికంటె ముందు వచ్చి నిలిచింది. అమ్మాయికి కోపము వచ్చినది. "నాన్నగారూ, కల్తీ పాలు పోసినవాణ్ణి మరునాడు గుమ్మం దగ్గరే ఆపేస్తాం కదా! వీణ్ణి మన ఇంటికి రావద్దని చెప్పడానికి దారి లేదా?"

ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలుసుకున్న సంగతులు మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వరుసలో ముందు ఎవరు?

మనము ఒక ప్రశ్న అడిగినప్పుడు సెర్చ్ ఇంజన్ లోకములోని పుటలన్నిటిని అప్పటికప్పుడు చదివి చూడదు. ముందుగానే సేకరించి పెట్టుకున్న పుటల పట్టికలో నుండి మన మాటలకు సరిపోయేవాటిని తీసి, ఒక లెక్క ప్రకారము వరుసగా నిలబెడుతుంది. ఏ పుటకు ఇతర పుటలు దారి చూపుతున్నవి, మన మాటలు అందులో ఎక్కడ ఉన్నవి, ఇటువంటివి ఎన్నో ఆ లెక్కలో ఉంటాయి. అందులో వ్రాసినది సత్యమా అసత్యమా అని తేల్చే న్యాయాధిపతి మాత్రము అక్కడ లేడు.

ఈ లెక్కను కనిపెట్టి, దానికి తగినట్లు పుటలు తయారుచేసేవారు బయలుదేరారు. జనము ఏమేమి వెదుకుతున్నారో చూచి, ప్రతి ప్రశ్నకు ఒక పుట చొప్పున, తక్కువ కూలికి త్వరత్వరగా వ్రాయించి వేలకొలది పుటలు గుమ్మరించారు. ప్రతి పుటలోను ప్రకటనలు. మనకు జవాబు దొరికినా దొరకకపోయినా, మనము ఆ పుట తెరిస్తే చాలు, వారికి డబ్బు. ఇటువంటివాటికి అమెరికాలో 'కంటెంట్ ఫారములు' అని పేరు పెట్టారు. కోళ్ళ ఫారములో గ్రుడ్లవలె అక్కడ వ్యాసములు పుట్టుకొస్తాయన్నమాట.

జనము చేతికి తాళము

2010 నవంబరులో అమెరికాలో బ్లెక్కో అనే చిన్న సెర్చ్ ఇంజన్ ప్రారంభమైనది. దానిని స్థాపించినవారిలో రిచ్ స్క్రెంటా ముఖ్యుడు. వాడుకరులే ఒక సైటును చెత్త అని గుర్తుపెట్టే వీలు అందులో ఉన్నది. అట్లు గుర్తుపెట్టిన సైటు మరల వారి కంటబడదు. కొద్ది నెలలకే, 2011 ఆరంభములో, జనము ఎక్కువగా చెత్త అని గుర్తుపెట్టిన ఇరవై సైట్లను బ్లెక్కో తన ఫలితములలో నుండి పూర్తిగా తొలగించినది. వాటిలో ఈహౌ అనే ప్రసిద్ధ సైటు కూడ ఉన్నది.

అదే సంవత్సరము ఫిబ్రవరి 14న గూగుల్ సంస్థ తన క్రోమ్ బ్రౌజరుకు 'పర్సనల్ బ్లాక్‌లిస్ట్' అనే చిన్న ఉపకరణమును విడుదల చేసినది. మనకు వద్దనుకున్న సైటును అందులో చేర్చితే అది మన ఫలితములలో కనిపించదు. మార్చి నెలలో సెర్చ్ పుటలోనే ఆ వీలు కల్పించారు. ఒక సైటును తెరచి, నచ్చక వెనుకకు వచ్చినప్పుడు, ఆ ఫలితము ప్రక్కనే 'ఈ సైటు ఫలితములన్నిటిని ఆపు' అనే అర్థము గల లింకు కనిపించేది. ఒక్కసారి నొక్కితే చాలు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. 2011 ఫిబ్రవరి 24న గూగుల్ తన లెక్కనే మార్చినది. తరువాత పాండా అని పేరుపడిన ఆ మార్పు అమెరికాలోని ప్రశ్నలలో నూటికి 11.8 వంతుల ఫలితములను తారుమారు చేసినది. ఆ మార్పు చేయుటలో జనము ఇచ్చిన బ్లాక్ జాబితాను వాడలేదని గూగుల్ చెప్పినది. అయితే తరువాత పోల్చి చూడగా, జనము అత్యధికముగా ఆపిన కొన్ని డజన్ల సైట్లలో నూటికి 84 వంతులు ఈ మార్పు వలన కూడ దెబ్బతిన్నవేనని తేలినది. అంటే గొప్ప ఇంజనీర్లు లెక్కలు కట్టి కనుగొన్న దానిని, సామాన్య జనము తమ అనుభవముతో చాలవరకు సరిగానే కనిపెట్టారు. కల్తీ పాలు ఏవో తెలియుటకు ప్రయోగశాల ఒక్కటే మార్గము కాదు, రోజూ పాలు కాచే ఇల్లాలికి కూడ తెలుస్తుంది.

ఇచ్చిన చేయి తీసుకున్నది

కాని ఈ వీలు ఎక్కువ కాలము నిలువలేదు. 2013 నాటికి గూగుల్ సెర్చ్ పుటలో నుండి దానిని తొలగించారు. క్రోమ్ ఉపకరణము మరికొన్ని సంవత్సరములు ఉండి, అది కూడ కనుమరుగైనది. బ్లెక్కోను 2015లో ఐబియం సంస్థ తీసుకొన్నది, ఆ సెర్చ్ ఇంజన్ మూతపడినది.

ఇంత మంచి వీలును ఎందుకు నిలుపుకోలేదని మనకు అనిపిస్తుంది. ఒకరి ఉద్దేశములను తీర్పు తీర్చుట నా పని కాదు. అయితే ఒక సంగతి జ్ఞాపకము చేసుకోవాలి. గూగుల్ స్థాపకులైన సెర్గే బ్రిన్, లారీ పేజ్ ఇద్దరు 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో విద్యార్థులుగా ఉండగా తమ సెర్చ్ ఇంజన్ గురించి ఒక పరిశోధన పత్రము వ్రాశారు. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ సహజముగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని, వెదికేవారి అవసరములకు దూరమవుతుందని వారే అందులో హెచ్చరించారు. తరువాత వారి సంస్థ కూడ ప్రకటనల మీదనే నిలిచినది. డబ్బు ఇచ్చేవాడు ఒకడు, వాడుకొనేవాడు మరొకడు అయినప్పుడు, వాడుకొనేవాడి మాట ఎంతవరకు చెల్లుతుందో మనకు లోకానుభవము వలన తెలిసినదే.

ఇప్పుడు మనకున్న దారులు

అయినను దారులన్నియు మూసుకొనిపోలేదు.

మొదటిది, ఏ ఖర్చూ లేనిది. గూగుల్‌లో మన ప్రశ్న వ్రాసిన తరువాత కొంచెము ఎడమిచ్చి, తీసివేత గుర్తు, దానిని ఆనుకొని ఇంగ్లీషు అక్షరములలో సైట్ అనే మాట, రెండు చుక్కల గుర్తు, ఆ తరువాత ఆ వెబ్‌సైటు పేరు, మధ్యలో ఖాళీ లేకుండ వ్రాయాలి. ఆ ఒక్క వెదుకులాటలో ఆ సైటు రాదు. అయితే ప్రతిసారి వ్రాయవలసినదే.

రెండవది, యూబ్లాక్‌లిస్ట్ అనే ఉచిత ఉపకరణము. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారి బ్రౌజర్లలో దీనిని చేర్చుకోవచ్చును. ఒకసారి ఆపిన సైటు ఇక ఫలితములలో కనిపించదు. ఇతరులు తయారుచేసిన జాబితాలను కూడ ఇందులో చేర్చుకోవచ్చును. మనలో ఎక్కువమంది వెదికేది ఫోనులోనే. ఆండ్రాయిడ్ ఫోనులలోని మామూలు క్రోమ్‌లో ఇటువంటి ఉపకరణములు చేర్చుటకు వీలులేదు, ఫైర్‌ఫాక్స్‌లో అయితే వీలున్నది.

మూడవది, డబ్బు చెల్లించి వాడే సెర్చ్ ఇంజన్. 2022లో జనము ముందుకు వచ్చిన కాగి అనేది అటువంటిది. దానిలో ప్రకటనలు లేవు, నెలకింత అని చందా కట్టాలి. ప్రతి ఫలితము దగ్గర ఆ సైటును పూర్తిగా ఆపుటకు, క్రిందికి దించుటకు, పైకి ఎత్తుటకు, అన్నిటికంటె పైన నిలుపుటకు వీలున్నది. తన వాడుకరులు ఏ సైట్లను ఎక్కువగా ఆపుతున్నారో ఆ సంస్థ బహిరంగముగా ప్రకటిస్తున్నది. ఆ జాబితాలో బొమ్మల సైటు పింటరెస్ట్ ముందు నిలిచినది.

ఇక గూగుల్ 2025 ఆగస్టులో అమెరికాలోను మన దేశములోను మరొక వీలు ఇచ్చినది. వార్తల విషయములో మనకు ఇష్టమైన పత్రికలను ఎంచుకుంటే అవి ఎక్కువగా కనిపిస్తాయి. ఇది మంచిదే. కాని 'ఇతడు రావాలి' అని చెప్పుట వేరు, 'ఇతడు రాకూడదు' అని చెప్పుట వేరు. మా అమ్మాయి అడిగినది రెండవది.

కొన్ని జాగ్రత్తలు

ఈ తాళము చేతికి వచ్చినదని అంతా క్షేమమే అనుకోరాదు.

మనము ఆపిన సైటు మన ఫలితములలో మాత్రమే ఆగుతుంది. వాట్సాప్‌లో ఎవరైనా ఆ లింకు పంపితే తెరుచుకుంటుంది. కనుక బిడ్డలను అసభ్యమైన వాటి నుండి కాపాడుటకు ఇది చాలదు. దానికి సేఫ్‌సెర్చ్ అమరికలు, అంతకంటె ముఖ్యముగా తల్లిదండ్రుల కనిపెట్టుకొనియుండుట అవసరము. అలాగే ఇప్పుడు ఫలితముల పైన కృత్రిమ మేధ వ్రాసిన సారాంశము వస్తున్నది. మన బ్రౌజరులోని జాబితా ఆ సారాంశమును మార్చలేదు. మనము గుమ్మము దగ్గర ఆపినవాడి పాలు ఆ గిన్నెలో కలిసియున్నవో లేదో మనకు తెలియదు. కనుక మందు, మోతాదు, డబ్బు విషయములలో ఆ సారాంశమును చూచి ఊరుకోక, అది ఎక్కడి నుండి వచ్చినదో తెరచి చూడాలి.

మరొక జాగ్రత్త మన హృదయమునకు సంబంధించినది. మోసగాని ముందు తలుపు వేయుట వివేకము. మనకు నచ్చని మాట చెప్పువాని ముందు తలుపు వేయుట వివేకము కాదు. ఈ రెండింటికి ఒకే మీట! నా మట్టుకు నేను ఈ జాబితాలో ఒక పత్రిక పేరు చేర్చబోయి ఆగిపోయాను. అది అబద్ధము వ్రాసినదా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. లేదు. నేను ఓటు వేసిన పక్షమును విమర్శించినది, అంతే. వేలు వెనుకకు తీసుకున్నాను. మనలను మెచ్చుకొనువారి మాటలే వినే ఇల్లు కొంతకాలమునకు కిటికీలు లేని ఇల్లు అవుతుంది.

మా ఇంట్లో జరిగినది

చివరకు మా అమ్మాయి కంప్యూటరులోను ఫోనులోను ఆ సైటును ఆపివేసినది. జాబితాలో ఇప్పుడు ఏడు పేర్లు ఉన్నవి. ప్రతి పేరు చేర్చేముందు భార్యాభర్తలిద్దరు కలిసి మాట్లాడుకుంటారు, కారణము ఒక నోటు పుస్తకములో వ్రాసుకుంటారు. మొదటి వరుసలో, "తేనె. ఏడాది లోపు బిడ్డకు" అని ఉన్నది.

ఆ సైటు ఇంకా ఉన్నది. వేరొక ఇంట్లో, వేరొక తల్లికి, అర్ధరాత్రి అదే మొదట కనిపించవచ్చును. ఆమె దగ్గర నర్సమ్మ మాట ఉన్నదో లేదో! అందుచేతనే ఈ చిన్న హక్కు చిన్నది కాదంటాను. లక్షలమంది తల్లులు 'ఇది మాకు వద్దు' అని చెప్పగలిగి, ఆ మాట వినేవారుంటే, రాబోయే తల్లికి ఆ సైటు అంత ముందు వరుసలో నిలువదు. అంతవరకు మనము చేయగలిగినది ఒకటున్నది. మన గుమ్మము మనము కాచుకొందము, మనకు తెలిసిన మంచి మాటను పొరుగింటి తల్లికి కూడ చెప్పుదము.

కుటుంబములో కలిసి మాట్లాడుకొనుటకు

1. ఈ నెలలో ఫోనులో వెదికి మోసపోయిన, లేక విసిగిపోయిన సందర్భము ఏది? ఆ సైటు పేరు జ్ఞాపకమున్నదా?

2. బిడ్డల ఆరోగ్యము విషయములో మన ఇంట్లో ఎవరి మాట ముందుగా వింటున్నాము?

3. మనము చదువుట మానివేసిన పత్రిక ఏదైనా ఉన్నదా? అది అబద్ధము చెప్పినందుకు మానివేశామా, నచ్చని నిజము చెప్పినందుకా?