గుడి ముందు పడుకునేవాళ్లని పంపేస్తే జబ్బులు పోతాయా?

ఫాల్గుణ మాసంలో అహోబిలం బ్రహ్మోత్సవాలకి వెళ్లే అలవాటు మీ ఇంట్లో ఉందా? అయితే ఈ దృశ్యం మీకు కొత్త కాదు. ఏ పెద్ద క్షేత్రంలోనైనా కనిపించేదే. మంటపం నీడలోనో, మెట్ల పక్కనో, వేపచెట్టు కిందనో ఒక చింకి చాప, ఒక సంచి, ఒక స్టీలు గిన్నె. పక్కన ఓ ముసలాయన. కాలికి కట్టు. ఇంకో పక్క తనలో తాను మాట్లాడుకుంటున్న ఆడమనిషి. పిల్లల్ని మీరు చప్పున ఇవతలికి లాక్కుంటారు. "వీళ్లనెవరైనా ఇక్కణ్ణుంచి పంపించేస్తే బావుణ్ణు, రోగాలు రాకుండా ఉంటాయి" అని ఎవరో ఒకరు అంటారు.

ఆ మాటని వైద్యం వైపు నుంచి ఒకసారి పరీక్షిద్దాం. జాలి, పుణ్యం సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ పిల్లల ఆరోగ్యం గురించే ఆలోచించినా సరే, వాళ్లని తరిమేయడం తప్పుడు మందు.

ముందు క్షయ సంగతి. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. మందులు పనిచేసే రకం టీబీ అయితే, మింగడం మొదలుపెట్టిన రెండు మూడు వారాలకే రోగి నుంచి ఇతరులకు సోకే అవకాశం బాగా తగ్గిపోతుంది. అంటే మెట్ల దగ్గర కూర్చుని క్రమం తప్పకుండా మాత్రలు మింగుతున్న మనిషి వల్ల మీకు పెద్ద భయం లేదు. భయపడాల్సింది మధ్యలో మందు ఆపేసిన మనిషి గురించి. మూడో నెలలో ఓ రాత్రి ఎవరో వచ్చి వ్యాను ఎక్కించి, యాభై కిలోమీటర్ల అవతల దించేశారనుకోండి. సంచి ఇక్కడే ఉండిపోయింది. మందులూ, చికిత్స కార్డూ అందులోనే. రోజూ మాత్ర వేసుకున్నావా అని అడిగే ఆశా కార్యకర్త ఇక్కడ, ఆయన అక్కడ. కాస్త ఒళ్లు తేలికపడింది కదా అని ఆయన కూడా వెతుక్కోడు. కొన్నాళ్లకి దగ్గు తిరగబెడుతుంది. ఈసారి మామూలు మందులకి లొంగకపోవచ్చు. ఆ మొండి క్షయ ఆయన ఎక్కిన బస్సులోనూ, కూర్చున్న హోటలు బల్ల దగ్గరా ఉంటుంది. ఆ బస్సు మీరూ ఎక్కుతారు.

గజ్జి ఇంకా తేలిగ్గా అర్థమయ్యే ఉదాహరణ. పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి పూసుకుని పొద్దున కడుక్కోవాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. అయితే ఒక్కరికి పూస్తే లాభం లేదు. కలిసి పడుకునే వాళ్లందరికీ ఒకే రాత్రి పూయాలి. మన ఇళ్లలో పిల్లాడికి గజ్జి వస్తే ఇంటిల్లిపాదికీ డాక్టరు ఎందుకు రాస్తారో మీకు తెలుసు. పదిమంది ఒకచోట ఉంటే ఏఎన్ఎం ఒక సాయంత్రం వచ్చి పని పూర్తి చేస్తుంది, వారానికి మళ్లీ వస్తుంది. ఆ పదిమందినీ చెదరగొడితే గజ్జి పది ఊళ్లకి వెళ్తుంది.

మూర్ఛ జబ్బుకి మాత్రలు వాడేవాళ్ల విషయంలో అయితే వారాలు కూడా ఆగక్కర్లేదు. ఆ మందు ఉన్నట్టుండి ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ ఆగకుండా రావచ్చు, ప్రాణమే పోవచ్చు. షుగరు పుండుకి రోజూ కట్టు మార్చాలి. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్న కొందరికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఒక ఇంజక్షను చాలు, మనిషి నిలకడగా ఉంటారు. కానీ ఆ రోజుకి నర్సుకి ఆ మనిషి కనబడాలిగా!

అన్నట్టు, కుష్ఠు గురించి ఇంకా పాత భయమే చాలామందిలో ఉంది. మందుల మొదటి డోసులతోనే అది ఇతరులకు సోకడం దాదాపుగా ఆగిపోతుంది. వేళ్లు వంకరపోయిన చేతులు కనబడినంత మాత్రాన జబ్బు ఇంకా ఉందని కాదు. చాలావరకు అది ఎప్పుడో నయమైన జబ్బు మిగిల్చిన వైకల్యం.

ఇలా పంపేయడం మన దగ్గర జరగని పనేం కాదు. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది, ఇవాంకా ట్రంప్ వచ్చింది. గుర్తుండే ఉంటుంది. దానికి ముందు నవంబరు 8 నుంచి రెండు నెలల పాటు నగరంలో భిక్షాటనను నిషేధిస్తూ పోలీసు కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. కూడళ్ల దగ్గరా, గుళ్లూ దర్గాల దగ్గరా ఉన్నవాళ్లని వ్యాన్లలో ఎక్కించి, మగవాళ్లని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆనందాశ్రమానికి, ఆడవాళ్లని చర్లపల్లి వైపు తీసుకెళ్లారు. ఇక అడుక్కోమని హామీ తీసుకుని చాలామందిని వదిలేశారు. ఆ తర్వాత బిచ్చగాళ్ల ఆచూకీ చెబితే 500 రూపాయలు ఇస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. ఆశ్రమంలో తిండీ పడకా పెట్టారు, అది కాదనలేం. అయితే ఇల్లు లేనివాళ్లూ, అడుక్కునేవాళ్లూ, మానసిక రోగులూ అందరూ ఒకే గాటన కట్టే జనం కారు. ఎవరికి ఏ జబ్బు, ఎవరు ఏ ఆసుపత్రి మందు వాడుతున్నారు అన్నది వ్యాను ఎక్కించేటప్పుడు తేలే విషయం కాదు. జైలు గోడ పక్కన పెట్టిన ఆశ్రమానికి జబ్బు మనిషి తనంతట తాను మళ్లీ వస్తాడా? రాడు. ఖాకీ బట్టలు చూస్తే పారిపోతాడు, తర్వాత తెల్ల కోటు చూసినా పారిపోతాడు.

2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అడుక్కోవడాన్ని నేరంగా చూసే చట్టంలోని ప్రధాన సెక్షన్లను ఢిల్లీ వరకు కొట్టేసింది. 2021 జులైలో కరోనా వేళ బిచ్చగాళ్లని రోడ్ల మీద నుంచి తప్పించాలని ఒకరు అడిగితే, సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. పేదరికమే లేకపోతే ఎవరూ చేయి చాపరని చెబుతూ, వాళ్లకి టీకా వేసే సంగతి చూడమంది. కోర్టు వైద్యుడిలా ఆలోచించిన సందర్భం అది.

అమెరికాలోనూ ఇదే గొడవ నడుస్తోంది. అక్కడ ఇల్లు లేనివాళ్లు పేవ్‌మెంట్ల మీద గుడారాలు వేసుకుంటారు. 2020లో కరోనా మొదలైనప్పుడు అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, విడి గదులు చూపించలేకపోతే గుడారాల్ని కదపొద్దని నగరాలకి సూచించింది. కదిపితే జనం ఊరంతా చెదిరిపోతారు, వైద్యం అందించేవాళ్లతో సంబంధం తెగిపోతుంది అని కారణం చెప్పింది. 2023లో జామా పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 23 నగరాల లెక్కలు తీసుకుని, పదే పదే ఖాళీ చేయిస్తే పదేళ్లలో ఏమవుతుందో అంచనా కట్టింది. ఇంజక్షన్లతో మాదకద్రవ్యాలు తీసుకునే నిరాశ్రయుల మరణాల్లో 15.6 నుంచి 24.4 శాతం దాకా ఈ ఖాళీ చేయించడం వల్లే కావచ్చని తేల్చింది. మన గుడి మెట్ల దగ్గరి ముసలాళ్లకీ వాళ్లకీ పోలిక పూర్తిగా కుదరదు. చికిత్స తెగిపోతే ప్రాణం మీదికి వస్తుందన్న సంగతి మాత్రం ఇద్దరికీ ఒకటే. అయినా 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, బయట పడుకున్నందుకు జరిమానా వేసుకోవచ్చని నగరాలకి అనుమతి ఇచ్చింది. డాక్టర్ల మాట అన్నిచోట్లా నెగ్గదు మరి.

మళ్లీ అహోబిలానికి వద్దాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. లక్ష జనాభాకి కనీసం వందమంది పట్టే శాశ్వత వసతి గృహం, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, 24 గంటలూ తెరిచి ఉండటం... ఈ లెక్కలన్నీ 2013లో మొదలైన పట్టణ జీవనోపాధి మిషన్‌వి. పట్టణాల కోసమే పెట్టినవి. అహోబిలం నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో ఒక పల్లె. ఉత్సవాలప్పుడు పట్నమంత జనం, మిగతా రోజుల్లో పంచాయతీ. కాబట్టి ఇక్కడి నిరాశ్రయుడికి ఆ లెక్క ప్రకారం రావాల్సిన వసతి గృహం లేదు. మంటపమే అతని షెల్టరు. దాన్నుంచి లేపితే మిగిలేది నల్లమల దారి, లేదంటే ఆళ్లగడ్డ బస్సు.

పైగా ఎండలు. బ్రహ్మోత్సవాలు ముగిసేసరికి రాయలసీమలో వేడి మొదలవుతుంది. నంద్యాల వైపు 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. బయట పడుకునే ముసలి మనిషికి ఒక చెట్టు నీడ, దగ్గర్లో ఒక కుళాయి ఉండటమే వైద్యం. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, మధ్యాహ్నం ఏ గోడ పక్కన నీడ పడుతుందో అతనికి తెలిసేది ఏళ్ల తరబడి అక్కడే ఉండటం వల్ల. కొత్త ఊళ్లో అవి వెతుక్కునేలోపే వడదెబ్బ తగలొచ్చు.

(చెంచుల్ని వీళ్లతో కలపకండి. అడవిలోని గూడేల్లో ఉండే చెంచులు నిరాశ్రయులు కారు, అది వాళ్ల ఊరు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు వాళ్లకి అల్లుడు! పులుల అభయారణ్యం పేరుతో గూడేల్ని తరలించే వివాదం వేరే కథ. వాళ్ల ఒప్పుకోలు లేకుండా తరలించకూడదని చట్టంలోనే ఉంది.)

"మరి దుర్గంధం? మలమూత్రాలు? తాగి గొడవ చేసేవాళ్లు?" అంటారు. అవి నిజమైన ఇబ్బందులే. గుడి చుట్టూ మలవిసర్జన జరిగితే విరేచనాలు, టైఫాయిడ్ వస్తాయి, యాత్రికులకి కూడా. దానికి మందు మరుగుదొడ్డి. డబ్బులు అడగని మరుగుదొడ్డి, రాత్రి తాళం వేయనిది. చాలాచోట్ల మరుగుదొడ్లు ఉంటాయి, ఐదో పదో రూపాయలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. రోజంతా కలిపి నలభై రూపాయలు దొరికే మనిషి అందులో ఇరవై దానికే ఇస్తాడా? ఇక తాగి గొడవ చేసిన ఒకడిని పోలీసులు పట్టుకోవచ్చు, అందుకని పక్కనున్న తొమ్మిదిమందినీ లేపక్కర్లేదు.

మీరు అక్కడికి వెళ్లినప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మందుల సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషిని "మాత్రలు వేసుకున్నావా పెద్దాయనా?" అని అడగండి. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు కనిపిస్తే ఆరోగ్య కేంద్రంలోనో, ఆశా కార్యకర్తకో చెప్పండి. కళ్లె పరీక్ష, టీబీ మందులు ఉచితం. చికిత్స సాగినంత కాలం పోషకాహారానికి నెలకి వెయ్యి రూపాయలు కూడా ప్రభుత్వం ఇస్తుంది. కాళ్లకి కట్లున్న ముసలాళ్లకి చక్కెర పొంగలి, లడ్డూ పెట్టేముందు షుగరు ఉందేమో అడగండి. పుణ్యానికి పెట్టిన తీపి పుండుని ముదరబెట్టకూడదు కదా! పులిహోర ఒక్కటే కాకుండా శనగలో, గుడ్డో ఇవ్వండి (గుడ్డు గుడి దగ్గర కాదనుకోండి, ఆళ్లగడ్డలో).

ఎండలో పడిపోయి, ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్న మనిషి కనిపిస్తే నీడకి చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. మానసిక వ్యాధితో తిరుగుతున్నవాళ్ల విషయంలో సలహాకి టెలి మానస్ 14416, దిక్కులేని వృద్ధులకి 14567. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటివాళ్లని పోలీసులు 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకి తీసుకెళ్లాలి. ఇల్లు లేనివాళ్లకి రేషను కార్డు లేకపోయినా ఈ వైద్యం ఉచితం. ఊరి బయట వదిలేసి రావడం ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఉత్సవ కమిటీలోనో, సత్రం ట్రస్టులోనో, వ్యాపారుల సంఘంలోనో మీకు తెలిసినవాళ్లు ఉండొచ్చు. "ఈసారి శుభ్రం చేయిస్తున్నాం, వాళ్లందర్నీ పంపించేస్తున్నాం" అని వాళ్లు అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడికి పంపుతున్నారు? అక్కడ పడక, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయా? వాళ్లలో మందులు వాడుతున్నవాళ్లు ఎవరో ఏఎన్ఎంని అడిగారా? టీబీ రోగి నిజంగానే వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, నిక్షయ్ పోర్టల్‌లో అక్కడి కేంద్రానికి బదిలీ చేసే వీలుంది. ఆరోగ్య కేంద్రంలో ముందుగా ఒక్క మాట చెబితే సరిపోతుంది. చెప్పాల్సింది మాత్రం వ్యాను బయల్దేరే ముందే.